ఇల్లు మాట్లాడనక్కర్లేదు, బదులు పలికితే చాలు

చూపులేని మనిషి ఉండబోయే ఇంటిని ఎలా కట్టాలని ఇవాళ ఎవరినడిగినా దాదాపు ఒకే జవాబు వస్తుంది. గుమ్మానికొక సెన్సర్, గదికొక స్పీకర్, మెట్ల మొదట్లో బీప్, బాత్రూం తలుపు దగ్గర చిన్న ట్యూను, ‘ఇది వంటగది’ అని చెప్పే రికార్డు గొంతు. ఇంజనీరింగ్ కాలేజీల ప్రాజెక్టు ప్రదర్శనలకు ఇది బాగా అలవాటైన వస్తువు. స్మార్ట్ హోమ్ అమ్మేవాళ్ళ బ్రోషర్లకు ముచ్చటైన పేజీ. పత్రికలవాళ్ళం కూడా ‘అంధులకు దారి చూపే ఇల్లు’ అని శీర్షిక పెట్టి చప్పట్లు కొడతాం. ఉద్దేశం మంచిది కాబట్టి ఎవరూ ఎదురు చెప్పరు.

ఎదురు చెప్పాలి. ఎందుకంటే ఈ ఆలోచన మూడు పొరపాటు నమ్మకాల మీద నిలబడి ఉంది. చూపులేని మనిషికి ఇంట్లో శబ్దాల కొరత ఉందనుకోవడం ఒకటి. దారి తెలియడం కోసం చేసిన శబ్దం ఏదైనా దారి తెలుపుతుందనుకోవడం రెండు. ఆ శబ్దం ఎప్పుడు, ఎక్కడ, ఎంత రావాలో చూపున్నవాళ్ళమే తేల్చేయవచ్చనుకోవడం మూడు. ఇంటికి కొత్త గొంతు తగిలించే ముందు ఆ ఇంటి నేల, గోడలు, కప్పు ఇప్పటికే చేస్తున్న పనిని చెడగొట్టకుండా ఉండడం నేర్చుకోవాలన్నది నా వాదన. మనిషి అడుగు వేస్తే ఇల్లు బదులు పలకాలి. అంతకు మించి దాన్ని మాట్లాడించడం చాలాసార్లు ఆ బదులును నొక్కేయడమే అవుతుంది.

మొదటి నమ్మకం సంగతి చూద్దాం. 1749లో ఫ్రెంచి రచయిత దిదెరో అంధుల గురించి ఒక ప్రసిద్ధమైన లేఖ రాశారు. అందులో ప్యుయిజో అనే ఊరి అంధుడొకాయన వస్తాడు. ఎదురుగా ఏదైనా ఉంటే ముఖానికి తగిలే గాలిని బట్టి ఆయన పసిగడతాడని దిదెరో అనుకున్నారు. చూపులేనివాళ్ళలో చాలామందికీ అలాగే అనిపించేది. గోడ దగ్గరపడుతుంటే నుదుటి మీద, బుగ్గల మీద ఏదో ఒత్తిడి తెలుస్తుందని చెప్పేవారు. దీనికి ‘ముఖదృష్టి’ అనే అర్థం వచ్చే పేరు కూడా పెట్టారు. లాహోర్‌లో పుట్టి, మూడేళ్ళ వయసులో మెనింజైటిస్‌తో చూపు పోగొట్టుకున్న వేద్ మెహతా 1957లో అచ్చయిన ఆత్మకథ ‘ఫేస్ టు ఫేస్’లో ఈ శక్తి గురించే రాశారు.

అది ముఖం పని కాదని 1944లో అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయంలో తేలింది. మైకేల్ సుపా, మిల్టన్ కాట్జిన్, కార్ల్ డాలెన్‌బాక్ ఆ ప్రయోగాలు చేశారు. సుపా స్వయంగా అంధుడు. ప్రయోగంలో పాల్గొన్నది ఇద్దరు అంధులు, కళ్ళకు గంతలు కట్టుకున్న ఇద్దరు చూపున్నవాళ్ళు. గోడకేసి నడవాలి, గోడ ఉన్నట్టు తెలియగానే చెప్పాలి, తగిలేలోగా ఆగాలి. ముఖాన్నీ చేతులనూ దళసరి బట్టతో కప్పేసినా గోడ తెలిసింది. చెవులు బిగించి మూసినప్పుడు మాత్రం నలుగురూ ప్రతిసారీ పోయి గోడకు గుద్దుకున్నారు. ఇంకో మెట్టు ముందుకు వెళ్ళి, ప్రయోగం చేసే మనిషి మైకు పట్టుకుని గోడవైపు నడుస్తుంటే, వేరే గదిలో హెడ్‌ఫోన్లు పెట్టుకుని కూర్చున్నవాళ్ళు ఆ అడుగుల చప్పుడు వింటూ గోడ ఎప్పుడు దగ్గరపడిందో చెప్పగలిగారు. అక్కడ ముఖానికి గాలి తగిలే ప్రశ్నే లేదు. చెవి విని, ఆ కబురును ముఖానికి అంటగట్టింది. అంతే.

దీని వెనకున్న లెక్క చిన్నది. గాలిలో ధ్వని సెకనుకు సుమారు 343 మీటర్లు పోతుంది. మీటరు దూరంలోని గోడకు తగిలి వెనక్కి రావడానికి దాదాపు 6 మిల్లీసెకన్లు చాలు. అంత తక్కువ వ్యవధిలో వచ్చినదాన్ని చెవి విడి ప్రతిధ్వనిగా పట్టదు. అసలు శబ్దంలోనే కలిపేసుకుంటుంది. కాకపోతే ఆ కలయికలో శబ్దపు రంగు మారుతుంది. తలుపు మూసి ఉన్నప్పుడు మన గొంతు ఒకలా, తెరిచి ఉన్నప్పుడు ఒకలా వినబడేది అందుకే. ఖాళీ చేసిన ఇంట్లోకి వెళ్ళి మాట్లాడిన ప్రతివాళ్ళకూ ఈ తేడా తెలుసు. కాబట్టి గోడ, గుమ్మం, బీరువా, మలుపు అన్నీ పలుకుతూనే ఉన్నాయి. ఇంట్లో శబ్దం కొరత లేదు. దాన్ని వినే వీలు కొరవడింది.

ఇక్కడే ఎదుటివాళ్ళు తమ ఇంకో అస్త్రం తీస్తారు. ‘వాళ్ళకు చెవులు మనకంటే చురుకు కదా, ఎన్ని శబ్దాలున్నా ఏరుకోగలరు’ అంటారు. పొగడ్తలా వినిపించే ఈ మాటంత హాని చేసింది మరొకటి లేదు. పుట్టుకతో చూపులేనివాళ్ళు పక్కల నుంచి వచ్చే శబ్దాలు ఎక్కణ్నుంచి వచ్చాయో మిగతావాళ్ళకంటే బాగా చెప్పగలరని 1999లో ఒక పరిశోధన చూపించిన మాట నిజం. అయితే 2001లో నెదర్లాండ్స్ పరిశోధకులు ఇంకో సంగతి బయటపెట్టారు. వెనకాల రొద ఉన్నప్పుడు శబ్దం పైనుంచి వచ్చిందా, కిందనుంచి వచ్చిందా అన్నది చెప్పడంలో చిన్నప్పటి నుంచీ చూపులేనివాళ్ళు చూపున్నవాళ్ళకంటే వెనకబడ్డారు. కంటితో సరిచూసుకునే అవకాశం లేని చెవికి రొద మరింత పెద్ద శత్రువు. 2021లో బ్రిటన్‌లోని డరమ్ విశ్వవిద్యాలయంలో లోర్ థేలర్ బృందం 12 మంది అంధులకూ 14 మంది చూపున్నవాళ్ళకూ పది వారాలపాటు నాలుకతో టక్కుమని చప్పుడు చేసి పరిసరాలు తెలుసుకోవడం నేర్పింది. వాళ్ళ వయసు 21 నుంచి 79 దాకా. రెండు గుంపులూ నేర్చుకున్నాయి. ఇది నేర్చుకుంటే వచ్చే విద్య. దేవుడు ఒక కన్ను తీసుకుని ఇంకో వరమిచ్చాడన్న కథను ఇక కట్టిపెట్టవచ్చు. ఆ కథ నమ్మినంతకాలం ఇంట్లో రొద తగ్గించే బాధ్యత నుంచి మనకు మనమే సెలవు ఇచ్చుకుంటాం.

ఇప్పుడు రెండో నమ్మకానికి, అంటే బీప్ దగ్గరకు వద్దాం. శబ్దం చేసే ప్రతిదీ దారి చెప్పదు. ఒక శబ్దం ఎటునుంచి వచ్చిందో చెవి రెండు రకాలుగా పోల్చుకుంటుంది. లోస్థాయి శబ్దాలు రెండు చెవులకూ చేరే వేళలో ఉండే కొద్దిపాటి తేడాను పట్టుకుంటుంది. హెచ్చుస్థాయి శబ్దాలు తల అడ్డుపడడం వల్ల ఒక చెవిలో తగ్గుతాయి, ఆ తేడాను పట్టుకుంటుంది. నడిమి స్థాయిలో ఈ రెండు ఆధారాలూ బలహీనపడతాయి. 1936లో హార్వర్డ్‌లో స్టీవెన్స్, న్యూమన్ అనే ఇద్దరు మేడ మీద ఎత్తయిన కుర్చీ వేసి, మనిషిని కూర్చోబెట్టి, రకరకాల స్వరాలు వినిపించి దిక్కు చెప్పమన్నారు. ఎక్కువ తప్పులు వచ్చింది 3,000 హెర్ట్జ్ చుట్టుపక్కల స్వరాలకే. మన ఎలక్ట్రానిక్స్ దుకాణాల్లో దొరికే చిన్న పియెజో బజర్లు చాలామటుకు కూసేది సరిగ్గా 2,000 నుంచి 4,000 హెర్ట్జ్ మధ్యనే. అంటే దారి చూపడానికని ఏరికోరి, చెవికి దిక్కు తెలియని స్వరాన్నే గుమ్మానికి బిగిస్తున్నాం. బీప్ వినిపిస్తుంది, నిజమే. ఎక్కడుందో తెలియదు. గచ్చు నేల, నున్నటి గోడలు ఉన్న గదిలో అయితే అది నాలుగు మూలలా తిరిగి వచ్చి ఇంకా అయోమయం చేస్తుంది.

దిక్కు తెలియాలంటే శబ్దంలో అన్ని స్థాయులూ కలిసి ఉండాలి. నీళ్ళ ధార, చీపురు చప్పుడు, చిటిక, తెల్లకర్ర తాకిడి, గోడ గడియారం టిక్కు అలాంటివి. లీడ్స్ విశ్వవిద్యాలయంలో డెబొరా విథింగ్‌టన్ పొగ కమ్మిన భవనాల నుంచి జనాన్ని బయటపడేయడానికి ఇలాంటి అన్ని స్థాయుల శబ్దాన్నే ఎంచుకున్నారు. విదేశాల్లో కొన్ని లారీలు వెనక్కి వచ్చేటప్పుడు బీప్‌కు బదులు ‘ష్ ష్’మని పలకడం వెనక ఉన్నదీ ఈ సూత్రమే. ఇంటికి శబ్దం చేర్చక తప్పని చోట ఏ శబ్దం చేర్చాలో చెప్పే పరిజ్ఞానం దశాబ్దాలుగా ఉంది. అయినా బజర్లే బిగిస్తున్నామంటే, చూపులేని మనిషి ఎలా వింటాడో అడగలేదన్నమాట. మనకు ఏది ‘హెచ్చరిక’లా వినిపిస్తుందో దాన్నే పెట్టేశాం.

రామాయణంలో దశరథుడు శబ్దవేధి. సరయూ తీరాన చీకట్లో కుండ మునిగిన చప్పుడు విని, ఏనుగు నీళ్ళు తాగుతోందనుకుని బాణం వేశాడు. పోయింది అంధ తల్లిదండ్రుల ఒక్కగానొక్క కొడుకు ప్రాణం. తర్వాత దశరథుడు ఆశ్రమానికి నడిచి వెళితే, అడుగుల చప్పుడు విన్న ఆ ముసలి తండ్రి కొడుకే వచ్చాడనుకున్నాడు. చూపున్న విలుకాడూ పొరబడ్డాడు, చూపులేని మునీ పొరబడ్డాడు. ఒంటరి శబ్దం ఒక్కటే సాక్ష్యమైతే ఎవరి చెవైనా మోసపోతుందని వాల్మీకికి తెలుసు. గుమ్మానికొక బీప్ పెట్టి దారి తెలుస్తుందనే మన ఇంజనీర్లకే ఇంకా తెలియాలి. చెవి నమ్మకంగా పనిచేయాలంటే ఒకదాన్నొకటి బలపరిచే ఆనవాళ్ళు కావాలి. కాలికింద నేల మారాలి, గొంతు పలికే తీరు మారాలి, కిటికీలోంచి గాలి తగలాలి, వంటింటి వాసన రావాలి. ఇవన్నీ కలిసి ‘ఇదే చోటు’ అని చెప్పినప్పుడే అడుగు ధైర్యంగా పడుతుంది.

మూడో నమ్మకం అన్నిటికంటే లోతైనది. బీప్ ఆజ్ఞ ఇస్తుంది, ప్రతిధ్వని కబురు ఇస్తుంది. బీప్ పెట్టినవాడు నువ్వు ఎక్కడికి వెళ్ళాలనుకుంటావో ముందే ఊహించి పెట్టాడు. నీకు వంటింట్లోకి కాక కిటికీ దగ్గరకు వెళ్ళాలనిపిస్తే దాని దగ్గర జవాబు లేదు. గోడ నుంచి తిరిగి వచ్చే చప్పుడు మాత్రం నువ్వు అడిగినప్పుడే వస్తుంది, అడిగిన వైపు నుంచే వస్తుంది. నాలుకతో చప్పుడు చేస్తూ సైకిల్ తొక్కే డేనియల్ కిష్ పసితనంలోనే కేన్సర్ వల్ల రెండు కళ్ళూ పోగొట్టుకున్న అమెరికన్. ఇతరులకు ఆ విద్య నేర్పడానికి ఒక సంస్థే పెట్టారు. అక్కడ శబ్దం మీద అధికారం నడిచేవాడిది. మన బీప్ ఇళ్ళలో ఆ అధికారం గోడకు పోయింది. కరెంటు పోతే దారీ పోతుంది. వైఫై ఆగితే ఇల్లు మూగబోతుంది. కంపెనీ ఆ యాప్‌ను పట్టించుకోవడం మానేస్తే, నిన్నటిదాకా తన ఇంట్లో తను నడిచిన మనిషి ఇవాళ చేయి పట్టుకునే తోడు కోసం చూడాలి.

ఢిల్లీ ఐఐటీలో ఎం. బాలకృష్ణన్ బృందం తయారుచేసిన స్మార్ట్‌కేన్ ఇక్కడ గుర్తుచేసుకోదగ్గది. మోకాలి పైన ఎదురయ్యే అడ్డంకులను అది మనిషి చెవికి అందని తరంగాలతో పసిగడుతుంది. ఆ సంగతిని మాత్రం చేతికి తగిలే కంపనంతో చెబుతుంది. చెవిని వదిలేసింది. రోడ్డు మీద చెవికి వేరే పని ఉందని వాళ్ళు గుర్తించారు. ఇంట్లో చెవికి అంతకంటే ముఖ్యమైన పని ఉంది. పరికరాలకు నేను వ్యతిరేకిని కాను. చెవిని ఆక్రమించే పరికరాలకు వ్యతిరేకిని.

మరి మనం కట్టే ఇళ్ళు ఎలా ఉన్నాయి? హైదరాబాద్‌లోనో విజయవాడలోనో కొత్త అపార్ట్‌మెంట్‌లోకి వెళ్ళండి. హాలు నుంచి బాత్రూం గుమ్మం దాకా ఒకే విట్రిఫైడ్ టైలు. గోడలకు పుట్టీ పెట్టి అద్దంలా చేసిన నునుపు. పైన జిప్సం ఫాల్స్ సీలింగ్. నాలుగు మీటర్ల పొడవు, మూడున్నర మీటర్ల వెడల్పు, మూడు మీటర్ల ఎత్తున్న ఖాళీ గదికి సబీన్ సూత్రంతో లెక్క వేస్తే, చేసిన శబ్దం అణగడానికి రెండు సెకన్లు దాటుతుంది. మాట స్పష్టంగా వినబడాలంటే గదిలో అది ఒక సెకను లోపే ఉండాలి. పరుపు, దళసరి తెర, బట్టల బీరువా చేరాక అది తగ్గుతుంది. కానీ సామాను తక్కువగా ఉండే నడవలు, హాళ్ళు అలా మోగుతూనే ఉంటాయి. నేల ఎక్కడా మారదు కాబట్టి కాలికి గది మారిన కబురు అందదు. గోడ నుంచి వచ్చే తొలి పలుకు వెనకొచ్చే మోతలో కలిసిపోతుంది.

దాని మీద మన రొద. ఫ్రిజ్ గుర్రు, ఎగ్జాస్ట్ ఫ్యాన్ హోరు, మిక్సీ, కుక్కర్ కూత, ఎవరూ చూడకపోయినా నడుస్తుండే టీవీ సీరియల్. ఈ రొద గోడల పలుకును కప్పేస్తుంది. చూపున్నవాళ్ళకు ఇది చిరాకు మాత్రమే. చూపులేని మనిషికి ఇది గదిలో దీపం ఆర్పేయడంతో సమానం. అయినా అంధుల కోసం ఇల్లు కడుతున్నామనే ఏ ఆర్కిటెక్టూ ఫ్రిజ్‌ను నడవ మొదట్లోంచి తీసి వేరే మూల పెట్టమని చెప్పడం నేను వినలేదు. ఇంకో స్పీకర్ పెట్టమని చెప్పడం మాత్రం తరచూ విన్నాను.

ఇంతదాకా చదివినవారికి సందేహాలు వచ్చే ఉంటాయి. అందులో గట్టివాటికి జవాబు చెప్పాలి.

‘సొంత ఇల్లు కంఠతా వస్తుంది, ఇన్ని ఏర్పాట్లెందుకు?’ అంటారు. మెట్లు ఎన్నో, మంచం ఎక్కడో కంఠతా వస్తుంది. కానీ నడిచే మనిషి ప్రతి అడుగులోనూ కొద్దిగా పక్కకు జరుగుతాడు. ఆ జరగడం సరిచేసుకోవడానికి ఎప్పటికప్పుడు ఆనవాలు కావాలి. పైగా ఇల్లు కదలకుండా ఉండదు. పిల్లాడు కుర్చీ లాగి వదిలేస్తాడు. గ్యాస్ సిలిండర్ వచ్చి గుమ్మంలో నిలుస్తుంది. తలుపు సగం తెరిచి ఉంటుంది. చూపులేనివాళ్ళకు ఇంట్లో దెబ్బలు తగిలే చోట్లలో ఈ సగం తెరిచిన తలుపు అంచు ఒకటి. జ్ఞాపకం నిన్నటి ఇంటిని చెబుతుంది. చెవి ఈ క్షణపు ఇంటిని చెబుతుంది.

‘మనం ఇంట్లో చెప్పుల్లేకుండా తిరుగుతాం, అడుగు చప్పుడే ఉండదు, ఇక ప్రతిధ్వని ఎక్కడిది?’ అన్నది ఇంకా పదునైన ప్రశ్న. కార్నెల్ ప్రయోగంలోనూ మేజోళ్ళతో కార్పెట్ మీద నడిచినప్పుడు, బూట్లతో చెక్క నేల మీద నడిచినంత దూరం నుంచి గోడ తెలియలేదు. దీనికి రెండు సమాధానాలున్నాయి. ఉత్తి పాదానికి చెప్పులో లేని లాభం ఉంది. నేల తేడా దానికి నేరుగా తెలుస్తుంది. నడవలో గరుకు కడప బండ, హాలులో టైలు, పడగ్గదిలో చెక్క లేదా చాప ఉంటే పాదమే గది పేరు చెబుతుంది. రెండోది మరీ ఆసక్తికరం. అమెరికాలోని వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయంలో డేనియల్ ఆష్‌మెడ్, రాబర్ట్ వాల్ 1990ల చివర్లో చేసిన అధ్యయనాల్లో, మనిషి తను ఏ చప్పుడూ చేయకపోయినా గోడను పసిగట్టగలడని తేలింది. గదిలో ఎప్పుడూ ఉండే సన్నటి లోస్థాయి ధ్వని గోడ దగ్గర కాస్త చిక్కబడుతుంది. చూపులేని పిల్లలు నడవలో గోడకు రాసుకోకుండా సమదూరంలో నడిచేది ఆ చిక్కదనాన్ని ఆధారం చేసుకునే. కాబట్టి ఇంటికి కావలసింది చచ్చిన నిశ్శబ్దం కాదు. కార్పెట్లు, మెత్తలతో అంతా మూగగా చేసిన గది కూడా చూపులేనివాళ్ళకు పనికిరాదు. ఒక వైపు గట్టిగా, ఒక వైపు మెత్తగా ఉండే, తేడా తెలిసే గది కావాలి.

‘మన దగ్గర చూపుపోయేది ముసలితనంలో, అప్పటికి చెవులూ మందగిస్తాయి’ అన్నది మూడో అభ్యంతరం. ఇది అన్నిటికంటే బరువైనది, నిజం కూడా. 2011 జనాభా లెక్కల్లో దేశంలో చూపు వైకల్యం ఉన్నవారు 50 లక్షల 32 వేల మంది. 2015-19 జాతీయ సర్వేలో 50 ఏళ్ళు దాటినవారిలో అంధత్వం 1.99 శాతం. అందులో మూడింట రెండు వంతులకు కారణం శుక్లాలు. శుక్లానికి ఇల్లు మార్చడం మందు కాదు, ఆపరేషన్ మందు. ఆ పని ముందు జరగాలి. మిగిలినవారిలో చాలామందికి ఎంతో కొంత చూపు ఉంటుంది. వాళ్ళకు మంచి వెలుతురు, గోడకూ తలుపుకూ రంగు తేడా, మెట్టు అంచుకు గాఢమైన గీత కూడా కావాలి. చెవి మందగించడం కూడా హెచ్చుస్థాయి శబ్దాల దగ్గరే మొదలవుతుంది. అంటే బజర్ కూత ముందుగా అందకుండా పోయేది ఈ పెద్దలకే. నాలుక చప్పుడు ప్రతిధ్వనీ వాళ్ళకు తగ్గుతుంది. గోడ దగ్గర చిక్కబడే ధ్వని లోస్థాయిది కాబట్టి ఎక్కువకాలం తోడుంటుంది. పూర్తిగా వినికిడీ లేనివారికి శబ్దం దారి కాదని ఒప్పుకోవాలి. వాళ్ళకు పట్టుకునే కడ్డీ, పాదానికి తెలిసే నేల, నిలకడగా ఒకే చోట ఉండే సామానే ఇల్లు. ఈ అభ్యంతరంలో నా వాదనను కొట్టేసేది ఏమీ లేదు. బీప్‌ను కొట్టేసేది మాత్రం ఉంది.

‘పాత మండువా ఇళ్ళే మేలు, వాటికి తిరిగి వెళదాం’ అనే ముచ్చట కూడా వినిపిస్తుంది. చూపు పోగొట్టుకున్న బ్రిటిష్ ఆచార్యుడు జాన్ హల్ తన డైరీల పుస్తకం ‘టచింగ్ ది రాక్’లో వర్షం గురించి రాశారు. వాన పడితే చెట్టు, బాట, కంచె, గోడ దేని శబ్దం దానిదై తోటంతా ఒక్కసారిగా తెలిసిపోతుందని, గదిలో కూడా వాన పడితే ఎంత బాగుండునోనని ఆయన అనుకున్నారు. మండువాలో నిజంగానే ఇంటి నడిమధ్య వాన పడుతుంది. పెంకుల మీద ఒకలా, రాతి మీద ఒకలా, కింద పెట్టిన బిందెలో ఒకలా పలుకుతుంది. నాలుగు వైపులా ఉన్న వసారాల జాడ తెలుస్తుంది. ఇది గొప్ప సంగతే. కానీ అది ఎవరూ అంధుల కోసం చేసిన ఏర్పాటు కాదు. ఆ ఇంట్లోనే మోకాలికి తగిలే గడప, నాచు పట్టిన రాయి, కటకటాలు లేని బావి ఉండేవి. అందులోంచి తీసుకోవాల్సింది ఒకటే సూత్రం: తెరిపి ఉన్న చోటు ఇంటికి ఒకటి ఉంటే చెవికి ఇల్లంతా దిక్కు కుదురుతుంది. అది చిన్న బాల్కనీతోనూ, వీధివైపు కిటికీతోనూ సాధ్యమే.

ఇదంతా ఊహల్లో మాట కాదని చూపించే భవనం ఒకటి ఉంది. క్రిస్ డౌనీ శాన్ ఫ్రాన్సిస్కో ప్రాంతపు ఆర్కిటెక్టు. 2008లో మెదడులోని కణితికి ఆపరేషన్ జరిగాక పూర్తిగా చూపు పోయింది. వృత్తి మానలేదు. ఉబ్బెత్తుగా ముద్రించిన ప్లాన్లను వేళ్ళతో చదువుతూ పని కొనసాగించారు. 2016లో తెరిచిన శాన్ ఫ్రాన్సిస్కో లైట్‌హౌస్ అంధుల సంస్థ కార్యాలయానికి ఆయన సలహాదారు. ఆరప్ సంస్థ ధ్వని నిపుణులతో కూర్చుని, భవనం పూర్తికాకముందే అక్కడ తెల్లకర్ర చప్పుడు ఎలా వినిపిస్తుందో కంప్యూటర్ నమూనాలో విని చూశారు. నడిచే దారిలో నున్నటి కాంక్రీటు పెట్టారు, కర్ర స్పష్టంగా పలకడానికి. అది ఇల్లు కాదు, ఆఫీసు. ఖర్చు పెట్టగల దేశం. కానీ అక్కడ తీసుకున్న నిర్ణయాల్లో మనకు అందనిది ఏముంది? నేల ఎక్కడ మారాలన్న నిర్ణయానికి డాలర్లు అక్కర్లేదు. తాండూరు బండ, కడప బండ విట్రిఫైడ్ టైలు కంటే ఖరీదేమీ కాదు.

చట్టం వైపు చూస్తే అక్కడా ఈ చెవుడే. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో భవనాలు అందరికీ అందుబాటులో ఉండాలని ఉంది. 2024 నవంబర్ 8న రాజీవ్ రతూరి కేసులో సుప్రీంకోర్టు, అందుబాటు ప్రమాణాలను కేవలం సలహాలుగా మిగిల్చిన నిబంధన చట్టానికి విరుద్ధమని తేల్చి, తప్పనిసరి నియమాలు రాయమని కేంద్రానికి మూడు నెలల గడువు ఇచ్చింది. ఆ తీర్పుకు ఆధారమైన నివేదికల్లో ఒకటి హైదరాబాద్ నల్సార్ విశ్వవిద్యాలయంలోని వైకల్య అధ్యయన కేంద్రం తయారుచేసినదే. మంచి మలుపు. అయితే తనిఖీకి వెళ్ళిన అధికారి టేపుతో కొలవగలిగేది ర్యాంపు వాలు, తలుపు వెడల్పు, కడ్డీ ఎత్తు. నడవ ఎంతసేపు మోగుతోందో, లాబీలో జనరేటర్ హోరు ఎంతో కొలిచే అలవాటు మనకు లేదు. లిఫ్టు అంతస్తు పేరు పలికితే ‘ధ్వని’ గడిలో టిక్కు పెట్టి వచ్చేస్తారు. సొంత ఇంటి లోపలికైతే ఆ టేపు కూడా రాదు. అక్కడ ఇల్లు కట్టించేవాడి ఇంగితమే చట్టం.

కాబట్టి ఆ ఇంగితానికే కొన్ని మాటలు. చూపులేని మనిషి ఉండే ఇంట్లో మొదటి ఖర్చు రొద తగ్గించడానికి పెట్టండి: చప్పుడు తక్కువ ఫ్యాన్, నడవకు దూరంగా ఫ్రిజ్, మూసి ఉంచగలిగే వంటింటి తలుపు. రెండో ఖర్చు నేల మీద: మలుపు దగ్గరా, మెట్లకు రెండడుగుల ముందూ రాయి మార్చండి. మూడోది గదికొక గుర్తు: హాలులో టిక్కుమనే గోడ గడియారం ఎప్పుడూ ఒకే చోట, పడగ్గదిలో ఒక గోడకు మాత్రం దళసరి తెర. నాలుగోదానికి పైసా అక్కర్లేదు: తలుపులు పూర్తిగా తెరిచో మూసో ఉంచడం, సామాను జరిపితే చెప్పడం, గదిలోకి వచ్చినప్పుడు ‘నేనే పెద్దమ్మా’ అని పలకడం. పాకే పసిబిడ్డ కాళ్ళకు మువ్వల పట్టీలు కట్టి, వంటింట్లోంచే బిడ్డ ఎక్కడుందో కనిపెట్టే తల్లులున్న నేల ఇది. మనిషి జాడను చెవికి అందించడం మనకు కొత్త కాదు. ఇవన్నీ చేశాక ఇంకా ఎక్కడైనా లోటుంటే అప్పుడు పరికరం తెచ్చుకోండి. అది ఆ మనిషి పిలిస్తేనే పలకాలి, ఆపమంటే ఆగాలి.

ఆర్కిటెక్చర్ కాలేజీలు ధ్వని పాఠాన్ని ఆడిటోరియంలకూ సినిమా హాళ్ళకూ పరిమితం చేయడం మానాలి. విజయవాడ స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్‌లోనైనా, హైదరాబాద్ జేఎన్ఏఎఫ్ఏయూలోనైనా మూడు గదుల ఇంటి ప్లాను గీసే విద్యార్థి, ఏ గది ఎలా పలుకుతుందో ఒక్క పేరాలో రాయగలగాలి. ప్లాను గీసే బల్ల దగ్గర చూపులేని మనిషి సలహాదారుగా కూర్చోవాలి. ప్రారంభోత్సవానికి పిలిచి ఫొటో తీసుకుంటే సరిపోదు. జీతమిచ్చి, ఆ మనిషి కొట్టేసిన గోడను కొట్టేయాలి.

‘ఇన్ని చేసేకంటే స్పీకర్ పెట్టడం తేలిక’ అంటారేమో. తేలికే. అందుకే అందరూ అదే చేస్తున్నారు. స్పీకర్‌కు ఫొటో వస్తుంది, రిబ్బను కత్తిరించవచ్చు, బహుమతి తెచ్చుకోవచ్చు. తక్కువ మోగే గదికి, మలుపు దగ్గర మారిన రాయికి ఫొటో రాదు. కాబట్టి చూపున్నవాళ్ళ మెప్పు కోసం కట్టాలో, చూపులేని మనిషి నడక కోసం కట్టాలో ముందు తేల్చుకోవాలి. రెండోదే మన లక్ష్యమైతే, ఇంటికి గొంతు పెట్టే పనిని అన్నిటికంటే చివరకు జరపాలి. ఆ పని అవసరమా కాదా అన్న మాటను అక్కడ ఉండబోయే మనిషికే వదిలేయాలి.